బ్లాకింగ్, చార్జింగ్ (బాస్కెట్‌బాల్)

బంతితో దూసుకొచ్చే ఆటగాడు, అతన్ని అడ్డుకునే డిఫెండర్ ఢీకొన్నప్పుడు రిఫరీ ఇచ్చే రెండు రకాల ఫౌల్స్ ఇవి. తప్పు డిఫెండర్‌దైతే బ్లాకింగ్, బంతి ఉన్నవాడిదైతే చార్జింగ్. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నిబంధనల ప్రకారం, ప్రత్యర్థికి ఎదురుగా రెండు పాదాలూ నేలపై ఆనించి నిలిస్తే డిఫెండర్‌కు న్యాయమైన స్థానం దక్కినట్టే. ఆ తరువాత కదలకుండా నిలబడాల్సిన పని లేదు. పక్కకు, వెనక్కు జరగవచ్చు, నిటారుగా ఎగరవచ్చు. ‘కదిలాడు, బ్లాకింగే’ అని గ్యాలరీలో లేచే కేకల్లో అందుకే పస తక్కువ. దెబ్బ ఛాతీకి తగిలిందా, పక్క నుంచి భుజానికో తుంటికో తగిలిందా అన్నది రిఫరీకి పెద్ద ఆధారం.

అసలు చిక్కు సమయంతోనే. ఫిబా ఆటలో షూటర్ గాలిలోకి లేచాక దారిలోకి వస్తే బ్లాకింగ్. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో గడువు ఇంకా ముందే ముగుస్తుంది: షాట్ కోసం పైకి సాగే కదలిక మొదలయ్యేలోపే డిఫెండర్ కుదురుకోవాలి. అంత వేగంలో ఆ క్షణాన్ని పట్టుకోవడం అనుభవజ్ఞులకూ కష్టమే. బుట్ట కింది అర్ధవృత్తంలో (వ్యాసార్ధం ఎన్‌బీఏలో 4 అడుగులు, ఫిబాలో 1.25 మీటర్లు) నిలిచిన డిఫెండర్‌కు సాధారణంగా చార్జింగ్ దక్కదు. తగలకపోయినా తగిలినట్టు పడిపోయే నటనకు ఎన్‌బీఏ 2023-24 నుంచి మ్యాచ్‌లోనే టెక్నికల్ ఫౌల్ విధిస్తోంది.