తుఫాను రోజున రిలీజైన గేమ్: బ్లడ్‌లైన్స్ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక పాత కంప్యూటర్ గేమ్ గురించి. మొబైల్‌లో ఆడేది కాదు, మీలో చాలామంది పేరు కూడా విని ఉండరు. అయినా చివరిదాకా వినండి. ఎందుకంటే ఇది గేమ్ కథ మాత్రమే కాదు, ఒక మంచి పని సరైన టైమ్‌కి రాకపోతే ఏమవుతుందో చెప్పే కథ.

గేమ్ పేరు 'వాంపైర్: ది మాస్కరేడ్ - బ్లడ్‌లైన్స్'. 2004లో వచ్చింది. దీన్ని అర్బన్ ఫాంటసీ యాక్షన్ ఆర్‌పీజీ అంటారు. అర్బన్ ఫాంటసీ అంటే కంగారు పడకండి, అది మన ఇంట్లో వస్తువే. మన సినిమావాళ్లు దాన్నే సోషియో ఫాంటసీ అన్నారు. 1960లో 'దేవాంతకుడు', 1977లో 'యమగోల', 1988లో 'యముడికి మొగుడు'. యముడు భూమ్మీదకొచ్చి మన ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మనం నవ్వుతాం. మామూలు ఊరు, దాని మధ్యలో మామూలు కాని మనుషులు. అంతే సూత్రం.

తేడా ఎక్కడంటే, మన సినిమాల్లో ఆ కలయిక ఎక్కువగా కామెడీ కోసం. బ్లడ్‌లైన్స్‌లో అది భయం కోసం, రాజకీయం కోసం. లాస్ ఏంజెలిస్ నగరం. రాత్రి మాత్రమే. మీ అనుమతి అడక్కుండానే ఎవరో మిమ్మల్ని రక్తపిశాచిగా మార్చేస్తారు. మార్చినవాళ్లకి మీ కళ్లముందే మరణశిక్ష పడుతుంది. మీ ప్రాణం మాత్రం ఆ నగరపు పిశాచాల ప్రిన్స్ దయ మీద నిలుస్తుంది. ఇక అతను చెప్పిన పనులు చెయ్యాలి. మొదటి రోజే మేనేజర్ చేతిలో ఇరుక్కున్న ఫ్రెషర్ పరిస్థితి అన్నమాట.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. దీన్ని తయారుచేసింది ట్రోయికా గేమ్స్. 1998లో కాలిఫోర్నియాలో టిమ్ కెయిన్, లియోనార్డ్ బోయార్‌స్కీ, జేసన్ ఆండర్సన్ అనే ముగ్గురు పెట్టిన చిన్న కంపెనీ. 1997లో 'ఫాల్‌అవుట్' చేసిన టీమ్‌లోని వాళ్లే ఈ ముగ్గురూ. అంతకుముందు 1991లో వైట్ వుల్ఫ్ అనే సంస్థ 'వాంపైర్: ది మాస్కరేడ్' అనే గేమ్ తెచ్చింది. అది కాగితం, పాచికలతో నలుగురు టేబుల్ చుట్టూ కూర్చుని ఆడేది. మాస్కరేడ్ అంటే ముసుగు. పిశాచాలు ఉన్నాయని మనుషులకి తెలియకూడదు, అదే మొదటి చట్టం. ట్రోయికావాళ్లు ఆ ప్రపంచాన్ని కంప్యూటర్‌లోకి తేవాలనుకున్నారు.

బలాలు ముందు చెప్తాను.

మొదటిది, నియమాలు. ఈ గేమ్‌లో మాయ ఊరికే రాదు. జనం చూస్తుండగా శక్తి వాడితే ముసుగు జారినట్టు లెక్క. ఐదుసార్లు జారితే గేమ్ ఓవర్. అమాయకుణ్ణి చంపితే మీలోని మానవత్వం తగ్గుతుంది. అంటే మీరు ఎంత బలవంతులైనా నగరం మీకు హద్దు గీస్తుంది.

రెండోది, ఏడు వంశాలు. మీరు ఏ వంశం ఎంచుకుంటే గేమ్ అలా మారిపోతుంది. నోస్ఫెరాటు వంశమైతే ముఖం ఎంత వికారంగా ఉంటుందంటే, రోడ్డు మీద నడవలేరు. మురుగు కాలువల్లోంచి తిరగాలి. మాల్కేవియన్ అయితే పిచ్చి. మీరు మాట్లాడే ప్రతి మాటా తిరగేసి రాశారు. ఒకచోట రోడ్డు పక్కనున్న స్టాప్ బోర్డుతో గొడవపడతారు! రెండోసారి ఆడితే నిజంగా రెండో గేమ్ ఆడినట్టే ఉంటుంది.

మూడోది, అనుభవం పాయింట్లు. మామూలు గేముల్లో ఎంతమందిని చంపితే అన్ని పాయింట్లు. ఇక్కడ పని పూర్తిచేస్తే పాయింట్లు. కొట్టి చేశారా, మాటలతో చేశారా, తాళం తీసి దొంగతనంగా చేశారా అన్నది మీ ఇష్టం. శాంటా మోనికాలో ఓషన్ హౌస్ అని ఒక పాత హోటల్ ఉంటుంది. అందులో కొట్టడానికి శత్రువులే ఉండరు. దీపాలు పగులుతాయి, గోడల్లోంచి మాటలు వినిపిస్తాయి. మీరు పిశాచి అయ్యుండి దయ్యానికి భయపడతారు. నేను బీటెక్ మూడో ఏడాదిలో ఆనందపురంలో మా ఇంట్లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద ఆ లెవెల్ ఆడుతుండగా కరెంటు పోయింది. మా నాయనమ్మ చీకట్లో వచ్చి "ఏట్రా, పడుకోలేదా?" అంది. నా అరుపుకి పక్కింట్లో లైట్లు... వెలిగేవే, కరెంటు ఉంటే!

ఇక బలహీనతలు. ఇవి చిన్నవి కావు.

సెకండాఫ్‌లో గేమ్ మాట తప్పుతుంది. అప్పటిదాకా "నీ ఇష్టం వచ్చినట్టు ఆడు" అన్నది, తర్వాత "కొట్టు, లేదా చావు" అంటుంది. మాటకారి పాత్రను తయారుచేసుకున్నవాడు హాలీవుడ్ కింద మురుగు కాలువల్లోకి దిగాక గంటలకొద్దీ ఏడుస్తాడు. ఆ కొట్లాట కూడా బండగా ఉంటుంది, కత్తి తగిలిందో లేదో తెలీదు. చైనాటౌన్ భాగంలో ఆసియావాళ్లని మూసపోసినట్టు చూపించారు, అది ఈ రోజు ఇంకా ఇబ్బందిగా అనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్దది బగ్స్. రిలీజైన రూపంలో ఒక పడవ ప్రయాణం దగ్గర గేమ్ ఆగిపోయి ముందుకు కదిలేదే కాదు. డబ్బులిచ్చి కొన్నవాడి పరిస్థితి ఊహించండి.

ఎందుకిలా అయ్యింది? వాల్వ్ కంపెనీ తయారుచేస్తున్న సోర్స్ ఇంజిన్‌ని బయటివాళ్లలో మొదట తీసుకున్నది ట్రోయికానే. ఆ ఇంజిన్ అప్పటికి పూర్తికాలేదు. పునాది పోస్తుండగానే పైన గోడ కట్టినట్టు. పైగా ఒక షరతు. వాల్వ్ సొంత గేమ్ 'హాఫ్-లైఫ్ 2' రాకముందు బ్లడ్‌లైన్స్ రాకూడదు. చివరికి రెండూ ఒకే రోజు వచ్చాయి: 2004 నవంబర్ 16. మూడు వారాలు వెనక్కీ ముందుకీ చూడండి. అక్టోబర్ చివర్లో 'జీటీఏ సాన్ ఆండ్రియాస్', నవంబర్ 9న 'హేలో 2', 23న 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'. సంక్రాంతికి నలుగురు పెద్ద హీరోల మధ్య కొత్త హీరో సినిమా వేసినట్టే. మొదటి విడతలో అమ్మకాలు 80 వేలు దాటలేదు. 2005 ఫిబ్రవరిలో ట్రోయికా మూతపడింది.

ఇక్కడ మనవాళ్ల కథ ఒకటి గుర్తుచేసుకోవాలి. 1990 మే 9. 'జగదేక వీరుడు అతిలోక సుందరి' రిలీజ్. అది కూడా సోషియో ఫాంటసీనే. ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుని ఒక టూరిస్టు గైడ్ వెంట పడుతుంది. సరిగ్గా అప్పుడే మన కోస్తాని పెద్ద తుఫాను ముంచేసింది. రోడ్లు నీళ్లలో ఉంటే థియేటర్‌కి ఎవరొస్తారు? కానీ నీళ్లు తగ్గాయి, జనం వచ్చారు, సినిమా చరిత్ర సృష్టించింది.

రెండూ తుఫానులోనే రిలీజయ్యాయి. ఒకటి ఎందుకు నిలబడింది, ఇంకోటి ఎందుకు పడిపోయింది? నాకు తోచిన సమాధానం ఇది. సినిమా రీలు డబ్బాలో పూర్తయిపోయి ఉంది. ఎండ వచ్చేదాకా ఆగితే చాలు. గేమ్ పూర్తికాలేదు. ఎండ వచ్చేసరికి దాన్ని బాగుచేయాల్సిన మనుషులే మిగల్లేదు.

కానీ కథ అక్కడ ఆగలేదు. జర్మనీలో ఒక కెమిస్ట్ ఉన్నాడు, ఆన్‌లైన్‌లో అతని పేరు వెస్ప్5. కంపెనీ పోయాక, అభిమానులు మొదలుపెట్టిన ప్యాచ్ పనిని తను అందుకుని, దాదాపు రెండు దశాబ్దాలు బగ్స్ సరిచేస్తూ వచ్చాడు. ఫైళ్లలో దాగి మిగిలిపోయిన సీన్లను కూడా తిరిగి పెట్టాడు. ఈ రోజు జీఓజీలో మీరు గేమ్ కొంటే ఆ అనధికార ప్యాచ్ కలిసే వస్తుంది. కంపెనీ అమ్ముకునే వస్తువుని బతికించింది ఒక అభిమాని.

ఇది వినడానికి హాయిగా ఉంటుంది, నాకు మాత్రం కొంచెం గుచ్చుకుంటుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక శుక్రవారం సాయంత్రం, బగ్ ఉందని తెలిసీ రిలీజ్ బటన్ నొక్కాను. "తర్వాత ప్యాచ్ చేద్దాంలే" అన్నారు, నేనూ తలూపాను. ఆ తర్వాత ఆ టీమ్‌ని విడగొట్టారు. ఆ బగ్ ఇప్పటికీ ఎవరిని ఏడిపిస్తోందో తెలీదు. ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ ఒక జర్మన్ కెమిస్ట్ దొరకడు కదా.

రెండో భాగం సంగతి కూడా చెప్పాలి. 2019లో ప్రకటించారు. మధ్యలో స్టూడియో మారింది, రాసినవాళ్లు మారారు. చివరికి 2025 అక్టోబర్‌లో వచ్చింది. చూడ్డానికి నున్నగా ఉంది. కానీ పాతదాన్ని ప్రేమించినవాళ్లలో చాలామంది "ఆర్‌పీజీ ఎక్కడుంది?" అని అడిగారు. ఇంతకుముందు ఎక్కువ కలగని ఓడిపోయారు, ఈసారి కల తగ్గించేశారనిపించింది.

మా ఆనందపురంలో పూల మార్కెట్ ఉంది. చిన్నప్పుడు తెల్లారకముందే మా మావయ్యతో వెళ్లేవాణ్ణి. చీకట్లో బస్తాలకొద్దీ చామంతులు, బంతులు, హైవే మీద లారీల లైట్లు, బేరాల అరుపులు. తెల్లారాక చూస్తే ఉత్త రోడ్డు, కాళ్ల కింద నలిగిన రేకులు. ఆ రాత్రి ఊరు వేరు, పగటి ఊరు వేరు. సోషియో ఫాంటసీకి ఇంతకన్నా ఏం కావాలి? మీలో ఎవరైనా గేమ్ డిజైన్ నేర్చుకుంటుంటే నా మాట ఒకటే. విశాఖ మొత్తం కట్టొద్దు. ఈ ఒక్క మార్కెట్ చాలు, ఒక్క రాత్రి చాలు. దానికి నియమాలు పెట్టండి, చివరిదాకా ఆ నియమాలకి కట్టుబడండి, పూర్తిచేసి వదలండి.

తుఫాను మన చేతిలో లేదు. డబ్బాలో పూర్తయిన రీలు ఉందా లేదా అన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.