కళ్లెదుటి బండి కనబడాలంటే

"రెండువైపులా చూసే తిప్పానండీ, బండి కనబళ్లేదు." మోటారు సైకిలును కారు ఢీకొన్న కేసుల్లో ఈ మాట ఏ దేశపు పోలీసు స్టేషన్‌లోనైనా వినిపిస్తుంది. బాధితుడి తరఫువాళ్లకు అది తప్పించుకోవడానికి చెప్పిన సాకులా తోస్తుంది. కొన్నిసార్లు సాకే కావచ్చు. అయితే చాలాసార్లు డ్రైవరు నిజమే చెబుతున్నాడని గత అరవై ఏళ్ల పరిశోధన తేల్చింది. అతను చూశాడు, బండి అక్కడే ఉంది, అయినా కనబడలేదు. మోటారు సైకిలును ఇతరుల కంటబడేలా చేయడానికి జరిగిన ప్రయత్నాల చరిత్ర ఈ చిక్కుముడిని విప్పుకుంటూ వచ్చిన చరిత్రే.

దారి చూపే దీపం

మోటారు సైకిలుకు దీపం మొదట్లో నడిపేవాడి కోసమే. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల బండ్లకు కార్బైడ్ దీపాలుండేవి. కాల్షియం కార్బైడ్ మీద నీటిచుక్కలు పడితే ఎసిటిలిన్ వాయువు పుడుతుంది. దాన్ని అగ్గిపుల్లతో వెలిగించి, ఆ వెలుగులో గుంతలూ మలుపులూ చూసుకుంటూ వెళ్లేవారు. తరవాత డైనమోలు, 6 వోల్టుల బల్బులు వచ్చాయి. మన దేశంలో 1955లో మద్రాసులో బుల్లెట్ తయారీ మొదలైంది. ఆ తరవాత వచ్చిన జావా, రాజ్‌దూత్, బజాజ్ బండ్లను నడిపినవాళ్లకు ఆ కాలపు లైట్ల సంగతి గుర్తుండే ఉంటుంది. చాలా స్కూటర్లలో, మోపెడ్లలో యాక్సిలరేటర్ పెంచితే లైటు పెరిగేది, తగ్గిస్తే గుడ్డిదయ్యేది. చీకట్లో గతుకుల దగ్గర నెమ్మదిగా వెళ్లాల్సి వచ్చినప్పుడు, సరిగ్గా అవసరమైన చోటే వెలుతురు ఉండేది కాదు.

పగలు లైటు వేయడమంటే బ్యాటరీ దండగ అని అందరూ అనుకునే కాలం అది. చట్టాలు కూడా పొద్దుగూకాకే లైటు వేయమనేవి. పట్టపగలు వెలిగే దీపం దారి చూడటానికి కాదు, కనబడటానికి అన్న ఆలోచన 1960లలో అమెరికాలో చట్టరూపం దాల్చింది. ఆ దశాబ్దం చివర్లో ఇండియానా, మోంటానా, ఒరెగాన్, విస్కాన్సిన్ రాష్ట్రాలు మోటారు సైకిళ్లు పగలు కూడా హెడ్‌లైటు వేసుకునే తిరగాలని నిబంధన పెట్టాయి. చాలామంది లైటు వేయడం మరిచిపోతుంటే కాలిఫోర్నియా మరో అడుగు వేసింది. 1978 జనవరి 1 నుంచి తయారై కొత్తగా రిజిస్టరయ్యే ప్రతి మోటారు సైకిలుకూ ఇంజిన్ స్టార్ట్ కాగానే హెడ్‌లైటు దానంతటదే వెలగాలని చట్టం చేసింది. ఆ పెద్ద మార్కెట్‌ను కంపెనీలు కాదనలేవు కాబట్టి, ఒక రాష్ట్రపు చట్టం బండ్ల తయారీనే మార్చేసింది.

హ్యారీ హర్ట్ చూపిన సాక్ష్యం

అప్పటిదాకా ఇవన్నీ ఊహ మీద, అనుభవం మీద నడిచిన నిర్ణయాలు. వాటికి గట్టి ఆధారం దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ అధ్యయనంతో దొరికింది. ఆయన బృందం లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో దాదాపు 900 మోటారు సైకిలు ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. టైరు జాడలు కొలిచి, సాక్షులతో మాట్లాడి, విరిగిన భాగాలు చూసి లెక్క తేల్చింది. దానితోపాటు 3,600 పోలీసు నివేదికలను కూడా పరిశీలించింది. 1981లో వెలువడిన ఆ నివేదికను రోడ్డు భద్రతలో పనిచేసేవాళ్లు నేటికీ హర్ట్ రిపోర్టు అనే పిలుస్తారు.

మొత్తం ప్రమాదాల్లో నాలుగింట మూడొంతుల్లో బండి మరో వాహనంతో, ఎక్కువగా కారుతో ఢీకొందని ఆ నివేదిక చెప్పింది. అలాంటి వాటిలో మూడింట రెండొంతుల్లో ముందు వెళ్లే హక్కు బండిదైతే, దాన్ని కాదని అడ్డం వచ్చింది అవతలి వాహనం. అన్నిటికంటే తరచుగా కనిపించిన దృశ్యం ఒకటే: కూడలిలో ఎదురుగా వస్తున్న బండికి అడ్డంగా కారు మలుపు తిరగడం. అమెరికాలో అది ఎడమ మలుపు. ఎడమపక్కన నడిచే మన రోడ్ల మీద డివైడర్ దగ్గర కుడికి తిరిగే కారు, యూటర్న్ తీసుకునే ఆటో ఆ స్థానంలో ఉంటాయి. అవతలి డ్రైవరు బండిని గమనించకపోవడమే ఈ ప్రమాదాలకు ప్రధాన కారణమని హర్ట్ తేల్చారు. పగటి హెడ్‌లైటు, పసుపు, నారింజ, ఎర్ర రంగు జాకెట్లు వాడినవారు తక్కువగా ప్రమాదాల పాలవుతున్నారని కూడా నమోదు చేశారు.

రంగులు, రేడియం

ఆ జాకెట్ల రంగుకు మరో కథ ఉంది. 1930లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో బాబ్ స్విట్జర్ అనే యువకుడు టమాటాల లోడు దించుతూ పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. చీకటి గదిలో కోలుకుంటూ, గారడీ ప్రదర్శనలిచ్చే తన సోదరుడు జోతో కలిసి, అతినీలలోహిత కాంతిలో వెలిగే పదార్థాలతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. వాటి నుంచే డే-గ్లో రంగులు పుట్టాయి. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని కనిపించే కాంతిగా తిరిగి వదలడం ఈ రంగుల గుణం. అందుకే మబ్బు పట్టిన రోజున, సాయంసంధ్యలో కూడా అవి తమ మీద పడిన వెలుతురు కంటే ఎక్కువ వెలుగుతున్నట్టు కనిపిస్తాయి. సూర్యుడు పూర్తిగా అస్తమించాక మాత్రం ఆ గుణం పనిచేయదు.

రాత్రికి వేరే ఉపాయం కావాలి. 1934లో ఇంగ్లండ్‌లోని హాలిఫాక్స్‌కు చెందిన పెర్సీ షా రోడ్డు మధ్యలో బిగించే 'పిల్లి కళ్లు' రూపొందించాడు. హెడ్‌లైటు కాంతిని అవి వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. అదే సూత్రంతో సన్నని గాజుపూసలు పరిచిన పట్టీలను 3ఎం కంపెనీ 1930ల చివర్లో తెచ్చింది. మన ఊళ్లలో రేడియం షాపులో నంబరు ప్లేటుకూ మడ్‌గార్డుకూ అతికించే స్టిక్కర్లు ఈ కోవలోవే. వెనకొచ్చే లారీ లైటు పడగానే అవి ఆ డ్రైవరు కళ్లలోకే వెలుతురును తిప్పి కొడతాయి. బ్యాటరీ అక్కర్లేదు, స్విచ్ అక్కర్లేదు.

వీటి ఫలితాన్ని న్యూజిలాండ్ పరిశోధకులు కొలిచారు. ఆక్లాండ్ ప్రాంతంలో 1993-96 మధ్య ప్రమాదాల్లో గాయపడిన, మరణించిన రైడర్లను అదే రోడ్ల మీద క్షేమంగా తిరిగిన రైడర్లతో పోల్చి, 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించారు. మెరిసే లేదా డే-గ్లో తరహా దుస్తులు వేసుకున్నవారికి ప్రమాద ముప్పు 37 శాతం తక్కువ. పగటి హెడ్‌లైటు వేసుకున్నవారికి 27 శాతం తక్కువ. నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ పెట్టుకున్నవారికి 24 శాతం తక్కువ. జాగ్రత్త గలవాళ్లే ఇవన్నీ పాటిస్తారన్న అభ్యంతరం ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకున్నా, ఖర్చుతో పోలిస్తే ఈ ఉపాయాల ఫలం పెద్దది.

మలేసియా నేర్పిన పాఠం

మనకు దగ్గరి ఉదాహరణ మలేసియా. అక్కడా చిన్న ఇంజిన్ల బండ్లే ఎక్కువ, ఎండలూ వానలూ మనలాంటివే. 1992 జులైలో ప్రభుత్వం పగటి హెడ్‌లైటుపై ప్రచారం మొదలుపెట్టి, సెప్టెంబరు నుంచి చట్టం అమలు చేసింది. సెరెంబాన్, షా ఆలమ్ ప్రాంతాల్లో పరిశోధకుడు రాదిన్ ఉమర్ బృందం ముందూ తరవాతా లెక్కలు తీసి, కనబడకపోవడం వల్ల జరిగే ప్రమాదాలు దాదాపు 29 శాతం తగ్గాయని తేల్చింది. పొరుగునున్న సింగపూర్ 1995లో అదే బాట పట్టింది. బండ్లు ఎక్కువున్న ఎండదేశంలో పగటి లైటు పనిచేయదన్న వాదనకు మలేసియా అనుభవం సూటి సమాధానం.

కన్ను, మనసు

లైటు వేసినా కొన్ని ప్రమాదాలు ఆగలేదు. పరిశోధకుల దృష్టి అప్పుడు బండి మీద నుంచి చూసేవాడి మీదికి మళ్లింది. కూడలి దగ్గర ఆగిన కారు డ్రైవరును తీసుకుందాం. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తోందంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతోందని అర్థం. వంద మీటర్ల దూరంలో ఉన్న బండి ఆరు సెకన్లలో మీదికొస్తుంది. ఎదురొచ్చే వాహనం ఎంత త్వరగా చేరుతుందో మన కన్ను దాని ఆకారం పెరిగే తీరును బట్టి అంచనా వేస్తుంది. బండి సన్నగా ఉంటుంది కాబట్టి ఆ పెరుగుదల చివరిదాకా తెలియదు. అదే వేగంతో వచ్చే కారు కంటే బండి ఆలస్యంగా చేరుతుందని మెదడు పొరబడుతుంది. రాత్రిపూట ఒంటి లైటైతే ఈ పొరపాటు మరీ ఎక్కువ. హెడ్‌లైటుకు తోడు మరి రెండు దీపాలు త్రికోణంలా అమరిస్తే వేగాన్ని అంచనా వేయడం మెరుగవుతుందని లండన్‌లోని రాయల్ హాలోవే పరిశోధకులు 2012లో చూపించారు.

ఇక అద్దం పక్కనుండే స్తంభం సంగతి. ఒకే చోటుకు చేరబోతున్న రెండు వాహనాల్లో ఒకదాని నుంచి చూస్తే రెండోది ఒకే దిక్కులో నిలిచిపోయినట్టు ఉంటుంది. అది ముందు అద్దాన్ని పట్టి ఉంచే స్తంభం వెనక ఇరుక్కుంటే, ఢీకొనే క్షణందాకా అక్కడే దాగి ఉంటుంది. తల కాస్త ముందుకు వంచి చూస్తే తప్ప బయటపడదు.

అన్నిటికంటే లోతైనది మనసు సంగతి. డ్రైవరు కన్ను తాను వెతుకుతున్నదాన్నే పట్టుకుంటుంది. కార్లూ లారీలూ వస్తాయని వెతికే కంటికి బండి తట్టదు. అయిదు యూరప్ దేశాల్లో 921 ప్రమాదాలను పరిశీలించిన మెయిడ్స్ అధ్యయనంలో, మూడింట ఒక వంతుకు పైగా కేసుల్లో ప్రధాన కారణం అవతలి డ్రైవరు గమనించకపోవడమే. అదే సమాచారాన్ని మరింత తరచి చూసిన ఇటలీ పరిశోధకులు, మోటారు సైకిలు లైసెన్సు కూడా ఉన్న కారు డ్రైవర్లు బండ్లతో ప్రమాదాలకు బాధ్యులు కావడం తక్కువని 2006లో తెలిపారు. బండి నడిపినవాడికి బండి కనబడుతుంది. 1970లలోనే బ్రిటన్ 'బండి ఉందేమో ఆలోచించు' అన్న అర్థమిచ్చే ప్రచారంతో డ్రైవర్లను ఉద్దేశించి మాట్లాడటానికి కారణం ఇదే.

రంగు కూడా అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు. ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1996లో చూపినట్టు, అంతా నేపథ్యం మీద ఆధారపడి ఉంటుంది. వెలుతురుగా, ఖాళీగా ఉన్న ఆకాశం ముందు ముదురు దుస్తులే ముందు కంటపడవచ్చు. పసుపు పచ్చని ఆవపొలాల మధ్య పసుపు జాకెట్ కలిసిపోవచ్చు.

భారం ఎవరిది?

ఈ చరిత్రలో రైడర్ల అభ్యంతరం కూడా వినాల్సిందే. ఫ్రాన్సు ప్రభుత్వం మెరిసే చేతిపట్టీని తప్పనిసరి చేయబోతే మోటారు సైకిలు సంఘాలు వీధికెక్కాయి. అవతలివాడు చూడకపోతే ఇవతలివాడికి శిక్షా అని అడిగాయి. అమలుకు ముందే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2016 నుంచి మాత్రం మెరిసే జాకెట్ వెంట ఉంచుకుని, దారిలో అత్యవసరంగా ఆగితే వేసుకోవాలని నిబంధన పెట్టింది. మరోవైపు 2011 నుంచి యూరప్‌లో కొత్త మోడల్ కార్లకు కూడా పగటి దీపాలు తప్పనిసరయ్యాయి. అందరూ వెలుగుతుంటే బండికున్న ప్రత్యేకత పోతుందన్న ఆందోళన న్యాయమైనదే.

మన రోడ్ల మీద

భారతదేశంలో సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ ఒత్తిడి మేరకు కేంద్రం 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ నిరంతరం వెలిగే హెడ్‌లైటును తప్పనిసరి చేసింది. హ్యాండిల్ మీది ఆన్-ఆఫ్ స్విచ్ మాయమైంది. తొలిరోజుల్లో హైదరాబాద్ నుంచి పల్లెల దాకా ఎదురొచ్చేవాళ్లంతా అయిదు వేళ్లూ మూసి తెరుస్తూ "లైటు వెలుగుతోంది" అని సైగ చేసేవారు. ఆ సైగే ఒక రుజువు: పట్టపగలు, అంత రద్దీలో, అవతలివాడి కంట ఆ బండి పడింది!

అయినా పని సగంలోనే ఉంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. ఇందులో హెల్మెట్ లేకపోవడం, అతివేగం, రాంగ్ రూట్ అన్నీ ఉన్నాయి. కనబడకపోవడమూ ఉంది. మన చర్చంతా ముందు లైటు దగ్గర ఆగిపోతే, వెనక నుంచి గుద్దే ప్రమాదాలు మాత్రం మన దేశంలో పెద్ద వాటాగా సాగుతున్నాయి. పల్లెదారుల్లో చూడండి: టెయిల్ లైటు బల్బు మాడిపోయి నెలలు, బురద ఎండి రిఫ్లెక్టర్ మూసుకుపోయింది, రెండుపక్కలా వేలాడే పాలక్యాన్లో గడ్డిమోపో దీపాన్ని పూర్తిగా కప్పేశాయి. వెనకొచ్చే లారీ డ్రైవరుకు చీకట్లో చీకటే కనిపిస్తుంది. ఇంకోపక్క కొందరు బ్యాటరీ ఆదా అవుతుందని మెకానిక్ దగ్గర మళ్లీ ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టించుకుంటున్నారు. చట్టం ఇచ్చిన రక్షణను చేతులారా తీయించుకోవడమే అది.

అరవై ఏళ్ల చరిత్ర తేల్చిందేమిటంటే, బండిని కనబడేలా చేయడం సగం పని, దాన్ని చూడటం మిగతా సగం. మొదటి సగానికి కావలసినవన్నీ చవగ్గా దొరుకుతున్నాయి. రెండో సగం డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చే పద్ధతిలో లేదు, ఉండాలి. కారు పరీక్షలో ఎనిమిది అంకె తిప్పించడంతో సరిపెట్టకుండా, కూడలి దగ్గర బండి కోసం వెతికి చూడటం నేర్పి, పరీక్షించాలి.

బండి నడిపేవాళ్లు ఇవాళే వెనక లైటు వెలుగుతోందో లేదో చూసుకోండి. సామాను కట్టినప్పుడు దాని మీద రేడియం పట్టీ కనబడేలా అతికించండి. హెడ్‌లైటుకు ఆఫ్ స్విచ్ పెట్టించకండి. స్టీరింగ్ ముందు కూర్చున్నవాళ్లు తిప్పేముందు తల కాస్త వంచి, ఈసారి బండి కోసమే రెండోసారి చూడండి.