పడిగె చదివేవాళ్ళు

మంటలోకి ఇంకో పుల్ల ఎగదొయ్యండర్రా, చెప్తాను. తాడేపల్లిగూడెం సంతలో "కోయదొర" అంటూ జోస్యం చెప్పేవాణ్ణి చూసి కోయలంటే వాళ్ళే అనుకుంటారు మన కొల్లేటి జనం. కాదర్రా. అసలు కోయవాళ్ళు ఏలూరుకి ఎగువన బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, కుక్కునూరు, వేలేరుపాడు మన్యంలో పోడు కొట్టుకుని, పంట పండించుకుని బతికే రైతులు. గోదారొడ్డు వాళ్ళు గొమ్ము కోయలు, కొండల్లో వాళ్ళు గుట్టకోయలు.

వాళ్ళు మాట్లాడేది తెలుగులో ఒక యాస కాదు. తెలుగుకి తోబుట్టువు లాంటి భాష, గోండికి మరీ దగ్గర. 2011 జనాభా లెక్కల్లో 4 లక్షల మందికి పైగా అదే తల్లిభాష.

"అక్షరాల్లేని భాషకి చరిత్రేవిటి" అనేవారు మా రోజుల్లో. అలాంటివాళ్ళు పడిగె చూళ్ళేదు. పొడుగాటి ముక్కోణపు గుడ్డ అది. దానిమీద మనుషులు, జంతువులు, చెట్లు బొమ్మలుగా కుట్టి ఉంటాయి. ఇలవేల్పు కొలుపునాడు డోలివారు దాన్ని విప్పి, డోలు వాయిస్తూ, బొమ్మలో ఉన్న కథంతా పాడతారు. కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు అని ఏడో గట్టు దాకా తెగలున్నాయి. ఏ గట్టు పుట్టుక ఆ గట్టుదే, ఏ వేల్పు కథ ఆ వేల్పుదే. గుడ్డ దాచుకుంటే చాలదు, దాన్ని చదివే గొంతు కావాలి. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్యగారు సమ్మక్క సారలమ్మల కథ కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయారు.

కాగితం మీదికీ వచ్చిందర్రా ఆ భాష. 1969లో స్టీఫెన్ టైలర్ అనే అమెరికా పండితుడు గొమ్ము కోయల మాటకి వ్యాకరణం అచ్చేయించాడు. 2004లో మన ప్రభుత్వం 8 గిరిజన భాషల్లో చదువు మొదలెట్టినప్పుడు కోయకీ తెలుగు లిపిలో వాచకాలొచ్చాయి. అంతకుముందు నేను చూసిన ఒక బడిలో, కోయలో మాట్లాడాడని పిల్లాణ్ణి ఎండలో నిలబెట్టారు. ఆ పిల్లాడు పెద్దయ్యాక తన బిడ్డకి ఆ భాష నేర్పుతాడంటారా?

ఇప్పుడు పోలవరం ప్రాజెక్టు ముంపు ఊళ్ళు కొన్ని ఖాళీ అయ్యి, జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల కాలనీలకొచ్చారు జనం. ఊరు చెదిరితే కొలుపు చెదురుతుంది, కొలుపు లేకపోతే పాట వినేవాళ్ళుండరు.

మీ క్లాసులో కోయ పిల్లలుంటే వాళ్ళ మాటకి నవ్వకండి. మీది ఏ గట్టని అడగండి. తెలీదంటే ఇంటికెళ్ళి తాతని అడగమనండి. ఆ తాత ఉండగానే అడగాలర్రా.