తుక్కినుమునకు వచ్చిన గౌరవము

కాలిఫోర్నియాలోని యెండిన చెరువులపై 1930 ప్రాంతమునఁ గొందఱు యువకులు పాత ఫోర్డు కార్లను విప్పి, బరువు తగ్గించి, వేగము పెంచి పందెములు తోలిరి. పెద్దలు వారిని ఆకతాయిలనిరి. వారో, 1937లో సంఘము గట్టి నియమములు పెట్టుకొనిరి. 1948లో వారి విద్యకై యొక మాసపత్రిక వెలసెను. నిందపడిన ‘హాట్ రాడ్’ బండియే యమెరికా జనులకు ముద్దుగుఱుతయ్యెను.

మన హైదరాబాదున కె. సుధాకర్ తుక్కుతో బూటు, బ్యాటు ఆకారముల కార్లను నిర్మించెను. 2005లో 41 అడుగులకు మించిన మూడుచక్రముల సైకిలుతో గిన్నిస్ గ్రంథమున కెక్కెను. 2010లో ప్రదర్శనశాలను దెఱచెను. దానిఁ జూచి ముచ్చటపడుదుము. ఇంట రెంచి పట్టిన బిడ్డను మాత్రము గద్దింతుము.

దసరానాఁడు పనిముట్లను పూజించు మనము, తక్కిన దినములఁ బనివానిని గౌరవింపవలదా?