డబ్బా మీది పేరు

పొద్దున్నే మా కోడలు కారు స్టార్టు చెయ్యగానే రెండు మూడు సెకన్లపాటు గరగరమని ఒక చప్పుడు. ఆ తర్వాత మామూలే. జలుబు చేసినవాళ్ళు లేవగానే గొంతు సవరించుకున్నట్టుండేది. "చలికి లెండి అత్తయ్యా" అంది కోడలు. ఏప్రిల్ నెల హైదరాబాదులో చలేమిటో నాకు బోధపడలేదు.

నా అనుమానం మెకానిక్ భాయ్ మీదికి పోయింది. నెల కిందట ఆయిలు మార్చినప్పుడు అతను ఊరూ పేరూ తెలియని ఫిల్టరొకటి తెచ్చాడు. మా అబ్బాయి వొప్పుకోలేదు. కారు కంపెనీ పేరున్న ఫిల్టరే, ఎవరో తక్కువకి యిస్తున్నారని తానే కొనుక్కొచ్చి చేతికిచ్చాడు. భాయ్ దాన్ని దాచుకుని తన డబ్బానే బిగించాడేమో! పదిహేనేళ్ళుగా మా యింటి బళ్ళు చూస్తున్న మనిషి. అయినా అనేశాను. తిన్నగా కాదు, మనకి చేతనైన పద్ధతిలో వంకరగా. "ఏం భాయ్, మావాడు తెచ్చిందే వేశావా?" అన్నాను. అతను నావంక చూసి, "బండి తీసుకురండమ్మా" అన్నాడు. అంతే.

ఆ తర్వాత జరిగింది చెప్పేముందు ఈ ఫిల్టరు పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పాలి. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ మీరు చూసే వుంటారు. సింహాసనం లాంటి సీటుతో కావాలని ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన కారది. 1911లో ఆయన పోయాక గానీ అది వూరు చేరలేదు. అంత రాజభోగపు కారు తయారైన 1912లో కూడా, యిప్పుడు మన కార్లలో వుండే ఆయిలు ఫిల్టరన్నది యింకా పుట్టలేదు. ఇంజన్ల అడుగున టీ వడకట్టే జాలీ లాంటి తీగవల ఒకటి వుంటే గొప్ప. 1908 నుంచి 1927 దాకా కోటీ యాభై లక్షలు అమ్ముడుపోయిన ఫోర్డు మోడల్ టి కారుకి ఫిల్టరే కాదు, ఆయిలు పంపే లేదు. లోపల తిరిగే చక్రమే నూనెని అటూ యిటూ ఎగజిమ్మేది. ఆయిలు నల్లబడితే పారబోసి కొత్తది పొయ్యడమొక్కటే తెలిసిన వైద్యం.

1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్లాండ్, జార్జి గ్రీన్‌హాల్ష్ అనే యిద్దరు కలిసి కారు ఇంజన్‌కి ఆయిలు వడకట్టే సాధనం ఒకటి కనిపెట్టారు. 'ప్యూర్ ఆయిల్ లేటర్' అన్న మూడు మాటల్నీ అతికించి 'ప్యూరోలేటర్' అని పేరు పెట్టారు. మరుసటేడే క్రిస్లరు కారు ఫిల్టరుతో బజారులోకి వచ్చింది. అంటే వస్తువూ, దాని బ్రాండు పేరూ కవలపిల్లల్లా ఒక్కసారే పుట్టాయన్నమాట. పేరు చూసి కొనే మన అలవాటుకి అక్కడే బీజం పడింది కాబోలు.

మరోపక్క ఫోక్స్‌వాగన్ వాళ్ళ బీటిల్ కారు దశాబ్దాల తరబడి వుత్త జాలీతోనే లోకమంతా తిరిగింది. అయితే దానికి అయిదువేల కిలోమీటర్లకల్లా ఆయిలు మార్చి తీరాలి. మార్చినవాళ్ళకి అది బాగానే పనిచేసింది.

మా వారి అంబాసిడర్‌కి ఫిల్టరు ఒక లోటాలో కూచునేది. పైన వుండే లోటా అలాగే వుంచి, లోపలి కాగితం ముక్క మాత్రం మార్చేవారు. ఆదివారం పొద్దున్నే పాత లుంగీ కట్టుకుని ఆ పని పెట్టుకుంటే యిల్లంతా కిరసనాయిలు వాసనే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఆ లోటా గోల తగ్గింది. డబ్బాకి డబ్బానే మరలాగా తిప్పి తీసి పారెయ్యడం, కొత్తది తిప్పి బిగించడం. పని సులువయింది. కానీ లోపలేముందో చూసే వీలు పోయింది. ఇక మనకి మిగిలింది డబ్బా మీది పేరే.

మేం బండి తీసుకెళ్ళిన రోజున భాయ్ మా ఫిల్టరు విప్పి, నా ముందే హాక్సా బ్లేడుతో కోశాడు. పక్కనే తన దగ్గరున్న పేరులేని ఫిల్టరొకటి, కొత్తదే, కోసి పెట్టాడు. అందులో కాగితం దగ్గరదగ్గరగా, పట్టుచీర కుచ్చిళ్ళంత శ్రద్ధగా మడతలు పెట్టి వుంది. మా డబ్బాలో మడతలు సగమైనా లేవు, ఒక పక్క జిగురు వూడి సందు పడింది. లోపల ఒక రబ్బరు చక్రం వుంటుంది. రాత్రంతా బండి ఆగి వున్నప్పుడు ఫిల్టరులో నూనె వెనక్కి జారిపోకుండా పట్టి వుంచడం దాని పని. మాది గట్టిపడి అప్పడంలా వుంది. నూనె జారిపోవడం, పొద్దున్న అది మళ్ళీ పైకి చేరేదాకా ఇనుమూ ఇనుమూ రాసుకోవడం! అదీ మా గరగర. కాగితం పూడుకుపోతే నూనెని వడకట్టకుండానే పంపే చిన్న తలుపు యింకోటి వుంటుందిట. మురికి నూనె అయినా, అసలు లేకపోవడం కన్నా నయమని.

"పేరు అసలుదే అమ్మా, మాల్ నకిలీ" అన్నాడు భాయ్. డబ్బా మీద మా కారు కంపెనీ అక్షరాలు నిగనిగలాడుతూనే వున్నాయి.

కార్ల కంపెనీలు చాలావరకు ఫిల్టర్లు తామే చెయ్యవు. ఫిల్టర్ల కంపెనీలు చేసిచ్చినవాటి మీద తమ పేరు వేసుకుంటాయి. ఆ చేసిన కంపెనీ తన సొంత పేరుతో బయట అమ్మేదీ ఒక్కోసారి అదే సరుకు. ఇలాంటి విడిభాగాల్ని తయారీదార్లు బయటి బజారులో నేరుగా అమ్ముకోనివ్వకుండా కట్టుబాట్లు పెట్టారని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కేసు తర్వాత అప్పీళ్ళకి వెళ్ళిందనుకోండి. అంతా మన భాయ్ లాంటి మెకానిక్కులకి సరైన సామాను దొరకాలా వద్దా అన్న తగాదాయే. కొలత సరిగ్గా కుదిరి, లోపలి కాగితమూ రబ్బరూ మంచివైతే, మనలాంటివాళ్ళ కారుకి ఏ పేరైనా వొకటేనని నాకు ఆ రోజు తోచింది.

అసలు గొడవ వేరే వుందన్నాడు భాయ్. కోడలి ఆఫీసు ఎనిమిది కిలోమీటర్లు. 1998 నవంబరు 22న వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు చుట్టూ బండరాళ్ళూ ఖాళీ నేలానూ. ఇప్పుడు 2019లో మెట్రో వచ్చినా, 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వేసినా, సాయంత్రం ఆ ఎనిమిది కిలోమీటర్లకి గంట పడుతుంది. మీటరు ఎనిమిదే చూపిస్తుంది. ఇంజను మాత్రం గంటసేపూ తిరుగుతూనే వుంటుంది, నూనె కాగుతూనే వుంటుంది. "పదివేలు కాలేదు కదా అని కూచుంటే ఎట్లమ్మా?" అన్నాడు. అందుకే కార్లతో యిచ్చే పుస్తకాల్లో ఆగి ఆగి నడిచే బళ్ళకి ఆయిలు ముందే మార్చమని చిన్నక్షరాలతో రాస్తారుట. మా పుస్తకం అట్టు పొయ్యకుండా ఎక్కడుందో యింకా వెతుకుతున్నాం.

భాయ్ తన దగ్గరి ఫిల్టరు బిగించాడు. మర్నాడు పొద్దున్న చప్పుడు లేదు. డబ్బు యివ్వబోతూ, "మొన్న అలా అన్నానని ఏమనుకోకు భాయ్" అన్నాను. "మీరేమన్నారమ్మా?" అన్నాడు, ఏమీ తెలియనట్టు. చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.

మా వారు ఆయిలు మార్చిన తేదీ వంటింటి క్యాలెండరు మీద పాలలెక్క పక్కనే రాసేవారు. ఆయన పోయాక ఎవరూ రాయలేదు. ఆ సాయంత్రం నేనే కుర్చీ వేసుకుని రాశాను. మా కోడలు వచ్చి, కిందనే ఆరు నెలల తర్వాతి తేదీ కూడా వేసింది.