వడిసెల నుంచి కవరు దాకా

ఎ.కొండూరు నుంచి తిరువూరు వైపు వెళ్లినా, నూజివీడు వైపు వెళ్లినా మామిడి తోటలు పలకరిస్తాయి. కాయ పక్వానికొచ్చే వేళకు పగలు రామచిలుకలు, రాత్రి గబ్బిలాలు దిగుతాయి. చిలక ఏ కాయనూ పూర్తిగా తినదు. కొరికి వదిలేసి ఇంకో కాయ మీద వాలుతుంది. చిలక కొట్టిన పండు తియ్యనని పిల్లలు ఏరుకుంటారు గానీ, గాటుపడ్డ కాయకు మార్కెట్లో ధర లేదు.

ఈ పోరు పాతదే. శాతవాహనుల నాటి గాథాసప్తశతిలో వరిచేను కాపలా కాసే పడుచులున్నారు. తమిళ సంగం కవిత్వంలో కొర్రచేల మీది చిలకలను తోలే అమ్మాయిలున్నారు. మన పల్లెల్లో మంచె, వడిసెల ఆ పనే చేశాయి. అయితే మంచె జొన్నచేనుకు కుదిరినట్టు మామిడికి కుదరదు. చేను మొత్తం కంటికి ఆనుతుంది. గుబురుకొమ్మల్లో దూరిన చిలక ఆనదు. అందుకే తోటల్లో కాపలా గుడిసెలు, డబ్బాల మోతలు, కేకలు వచ్చాయి. తర్వాత టపాసులు వచ్చాయి. మోత ఏదైనా, ప్రమాదం లేదని తెలిశాక పిట్టలు దానికి అలవాటుపడిపోతాయి.

చంపడం మందు కాదని చైనా చెప్పింది. 1958లో అక్కడ పిచ్చుకలను వేటాడితే పురుగులు పెరిగాయి. 1960లో వేట ఆపారు. మన 1972 వన్యప్రాణి చట్టం కాకులతోపాటు పండ్లు తినే గబ్బిలాలను హానికర జంతువుల జాబితాలో ఉంచింది. 2022 సవరణ ఆ జాబితానే తీసేసింది. చిలకలకు చట్టరక్షణ ఉంది. వాటిని పట్టడం, చంపడం నేరం.

వ్యవసాయంలో పక్షుల మీద 1982లో మొదలైన అఖిల భారత పరిశోధన పథకానికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనూ కేంద్రం ఏర్పడింది. ఎండకు మెరుస్తూ గాలికి రెపరెపలాడే రిబ్బన్లు ఈ పరిశోధనలతోనే రైతులకు చేరువయ్యాయి. రిబ్బను పగలే పనిచేస్తుంది, గబ్బిలానికి పనికిరాదు. వల ద్రాక్ష పందిరికి బాగుంటుంది. పది మీటర్ల ఎడంతో పెరిగిన పాత మామిడిచెట్టుకు వల కప్పడం అయ్యే పని కాదు.

నా దృష్టిలో మన ప్రాంతపు మామిడికి సరైన దారి కాయకు కాగితం కవరు తొడగడమే. చిలక ముక్కుకు అడ్డుపడుతుంది, పండుఈగనూ మచ్చనూ ఆపుతుంది, ఏ ప్రాణినీ బలిగొనదు. కూలి ఖర్చు, నిచ్చెన ఎక్కే కష్టం ఉన్నమాట నిజమే. కొమ్మలు కత్తిరించి చెట్టును పొట్టిగా ఉంచితే ఆ భారం తగ్గుతుంది. కాయ కోడిగుడ్డంత కాగానే తొడగాలి. ఈ ఏడాది కనీసం కింది కొమ్మలతోనైనా మొదలుపెట్టండి.