సభకు రానివాళ్ళ చరిత్ర

ఒక పట్టణంలో జరిగిన సాహిత్య సభ అది. హాలు మేడమీద ఉంది. లిఫ్టు లేదు. నా స్నేహితురాలికి చిన్నప్పుడే పోలియో సోకింది. కాళ్ళకి కాలిపర్లు, చంకల్లో కర్రలు. ఆమెది ఇచ్ఛాపురం మండలంలోని సముద్రపుటొడ్డు ఊరు డొంకూరు. కథలు రాస్తుంది. ఆ రోజు తన కథ చదవటానికి తెల్లవారకుండానే బయల్దేరి వచ్చింది. మెట్ల దగ్గర ఆమె ఆగిపోవటం చూసి నలుగురు కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి ఎత్తుకెళ్ళారు. పైనున్న వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తర్వాతి సభకి ఆమె రాలేదు. ఆ తర్వాత జరిగినదానికీ రాలేదు. ఎందుకు రావటం లేదని అడగటానికి నాకు ఏడాది పట్టింది.

"నన్నెత్తీసినారు గానీ అప్పా, నీకిష్టమేనా అని ఒక్కలైనా అడిగినారేటి? ఆ కుర్చీలో చీర సర్దుకోడానికి కూడా చెయ్యాడలేదు" అంది.

సభకి వచ్చినవాళ్ళ పేర్లు మనం రాసుకుంటాం. ఫొటోలు దాచుకుంటాం. రానివాళ్ళ గురించి ఏ రికార్డూ ఉండదు. స్త్రీల చరిత్ర రాయటానికి కూర్చున్న వాళ్ళందరికీ ఈ ఇబ్బంది అనుభవమే. తెలుగునాట సభలకీ నాటకాలకీ చాలాకాలం రానివాళ్ళు మనమే కదా. మరి మనం ఎలా రాగలిగాం? ఎవరు ఏం మారిస్తే రాగలిగాం? ఆమె మాటలు విన్నాక ఈ ప్రశ్నతో పాత సంగతులన్నీ మళ్ళీ చదువుకున్నాను.

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో మొదలైన సురభి నాటకాల్లో కుటుంబంలోని స్త్రీలే స్త్రీ పాత్రలు వేశారు. ఇలాంటి సమాజాలని మినహాయిస్తే ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్ళే కట్టేవారు. స్త్రీల గోడు చెప్పే 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించబడింది. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు రంగస్థలం మీద స్త్రీ సౌందర్యానికి కొలమానం స్థానం నరసింహారావు గారి సత్యభామే. వేదిక మీదకొచ్చిన స్త్రీని "ఆట మనిషి" అన్నారు. ప్రేక్షకురాలిగా వచ్చిన స్త్రీని తెర చాటునో పక్క వరసలోనో కూర్చోబెట్టారు. ఆ తర్వాత వచ్చిన సినిమా హాళ్ళు కూడా నేల, బెంచీ, కుర్చీ అని డబ్బునిబట్టి విడదీసి, ఆపైన ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళ వైపు అని మళ్ళీ విడదీశాయి. అయినా ఆ ఆడవాళ్ళ వైపు ఉండబట్టే మా అమ్మమ్మల తరం సినిమాకి వెళ్ళగలిగింది. అవమానం, అవకాశం ఒకే గోడకి రెండు వైపులా ఉండటం మన చరిత్రలో కొత్త కాదు.

ఉన్న చోట్లు మనవి కానప్పుడు వేరే చోట్లు కట్టుకున్నాం. భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజం పెట్టటం అలాంటిదే.

నన్ను ఎక్కువసేపు ఆపేసింది మాత్రం కాకినాడలో జరిగిన ఒక ఘటన. 1921 ఏప్రిల్‌లో గాంధీ అక్కడికి వచ్చేటప్పటికి దుర్గాబాయికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. ఊళ్ళోని దేవదాసీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయన్ని చూడాలని, ఆయన మాట వినాలని ఆమె పట్టుదల. బహిరంగసభ అందరికీ తెరిచే ఉంది. కానీ ఘోషా స్త్రీ నలుగురిలోకి రాలేదు, దేవదాసి వస్తే పక్కన కూర్చునేవాళ్ళు ఉండరు. అయిదు వేల రూపాయల నిధి ఇస్తే కొద్ది నిమిషాలు కేటాయిస్తామన్నారు స్థానిక పెద్దలు. ఆ డబ్బు దేవదాసీలు సమకూర్చారు. ఇక చోటు కావాలి. దుర్గాబాయి వెళ్ళి ఒక పాఠశాల ఆవరణ అడిగి సంపాదించింది. కొద్ది నిమిషాలనుకున్న గాంధీ అరగంటకు పైగా మాట్లాడారు. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి మార్చి చెప్పింది కూడా ఆ చిన్నపిల్లే.

ఆ పిల్ల చేసిన పనులు చూడండి. ముందు ఎవరు రాలేకపోతున్నారో గుర్తించింది. ఎందుకు రాలేకపోతున్నారో తెలుసుకుంది. వాళ్ళకి వీలైన చోటు వెతికింది. వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పింది. సభలు పెట్టేవాళ్ళకి ఇంతకంటే మంచి పాఠం నాకు ఏ చట్టంలోనూ కనపడలేదు.

అదే దుర్గాబాయి 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల సందర్భంగా ఖాదీ ప్రదర్శనశాల గుమ్మం దగ్గర వలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూని ఆపేసిన కథ మనందరికీ తెలిసిందే. క్రమశిక్షణకి ఉదాహరణగా ఆ కథ చెప్పుకుంటాం. మొదటి కథ పక్కన పెట్టి చదివితే ఇంకో అర్థం వస్తుంది. అధికారం ఉన్న మనిషి కోసం ఆమె నియమాన్ని సడలించలేదు. బయట మిగిలిపోయిన వాళ్ళ కోసం నియమాన్నే మార్పించింది. మన గుమ్మాల దగ్గర చాలాసార్లు దీనికి తలకిందులుగా జరుగుతుంది. మంత్రిగారి కారు మెట్లదాకా వస్తుంది. వికలాంగురాలి ఆటో గేటు బయటే ఆగిపోతుంది.

1940లలో ప్రజానాట్యమండలి రోజుల్లో మోటూరి ఉదయం వంటి స్త్రీలు బుర్రకథ దళాలు కట్టి ఊళ్ళకి వెళ్ళారు. కొండపల్లి కోటేశ్వరమ్మ పాటలు పాడారు, నాటకాలు వేశారు. మా ఉద్దానంలో 1960లలో బొడ్డపాడుకి చెందిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథని ఉద్యమ ప్రచారానికి వాడుకున్నారు. ఈ కళలకి హాలు అక్కర్లేదు. వీధికి మెట్లుండవు. కానీ వీధి అందరిదీ అనుకుంటే పొరపాటే. ఎవరు ముందు కూర్చోవాలో, ఎవరు దూరంగా నిలబడాలో కులం చెప్పింది. పొద్దుపోయాక ఎవరు ఇంటికి పోవాలో మగవాడు చెప్పాడు.

వికలాంగుల హక్కుల కోసం 1995లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం గుర్తించే వైకల్యాల సంఖ్యని ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచింది. సాంస్కృతిక జీవితంలో పాల్గొనటం కూడా హక్కేనని చెప్పింది. భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలంది. ఆ ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతే కుదరదని, తప్పనిసరి నియమాలు చెయ్యాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అందులో స్త్రీలు సుమారు 1.18 కోట్లు. మన సభల్లో వాళ్ళెక్కడ?

"మా ఊళ్ళో ఒక చిన్న సాంస్కృతిక మందిరం కడితే ముందేం కట్టాలి?" అని ఒకసారి స్నేహితురాలిని అడిగాను. స్టేజీ అంటుందనుకున్నాను. "పాయకానా" అంది. ఆ మాటలో మా ప్రాంతమంతా ఉంది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పొద్దున్నే బయల్దేరే ఆడది, పలాస జీడిపప్పు కార్ఖానాలో రోజంతా పిక్కలు కొట్టే ఆడది సాయంత్రం సభకి వస్తే ముందు కావలసింది అదే. అది లేదని తెలిసి ఎంతమంది ఆడవాళ్ళు నీళ్ళు తాగకుండా సభల్లో కూర్చుంటారో మనకి తెలుసు. కిడ్నీ జబ్బు ఇంటింటినీ పీడించిన ఉద్దానంలో దాహం ఆపుకోమనటం క్రూరత్వం. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద గడిపే మనిషికి మిగతా రోజుల్లో ఒక పాటో నాటకమో కావాలనిపించదా? ఆమెకి వీపు ఆనించుకునే కుర్చీ కావాలి. మధ్యలో లేచి వెళ్ళినా ఎవరూ వింతగా చూడకూడదు. ఇంటికి చేరే దారి ఉండాలి. ఇచ్ఛాపురం వైపు తెలుగు, ఒడియా కలిసే ఉంటాయి కాబట్టి, కాకినాడలో దుర్గాబాయి చేసినట్టు రెండో భాషలో చెప్పేవాళ్ళూ ఉండాలి.

ఇవేవీ కోట్ల ఖర్చు కావు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవున వాలు కడితే చక్రాల కుర్చీ ఎక్కుతుంది. తలుపు మూడడుగుల వెడల్పుండాలి. మరుగుదొడ్డిలో పట్టుకోవటానికి కడ్డీ ఉండాలి. కుర్చీల వరసల మధ్యలో ఖాళీ వదిలితే చక్రాల కుర్చీలో వచ్చినామె గోడ పక్కన ఒంటరిగా కాకుండా తనవాళ్ళ పక్కన కూర్చుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, వేదిక మీదకి కూడా ఆ వాలు ఉండాలి. ప్రేక్షకురాలిగా రానిచ్చి వేదికని మగవాళ్ళకే అట్టిపెట్టిన రోజులు మనం చూశాం. వికలాంగ స్త్రీని ముందు వరసలో కూర్చోబెట్టి మెచ్చుకోవటంతో ఆగిపోతే మనం చేసేదీ అదే.

కిందటిసారి మేం సభ పెట్టుకున్నప్పుడు పిలుపు పంపటానికి ముందే ఆమెకి ఫోన్ చేశాను. "మెట్లెన్ని?" అంది. అప్పటికి నేను లెక్కపెట్టలేదు. వెళ్ళి చూసి వచ్చాను. ఒక బడి వరండా, రెండు మెట్లు. వడ్రంగి చేత చెక్క వాలు చేయించాం. ఆమె తనంతట తనే నడిచి వచ్చింది. కథ చదివింది. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచింది.

"కథ బాగుందా లేదా తర్వాత చెబుదువు గానీ, మీ మరుగుదొడ్డి గడప జానెడుంది అప్పా" అంది.

ఇంకా ఆ గడప తీయించాలి.